ఇనుము అవతలి ముఖం

నవీపేట్ శనివారం సంతలో మేకను కొనేవాడు ముందు దాని వీపు మీద చెయ్యి వేసి నొక్కుతాడు. కాంటా ఉండదు, కోసి చూసేది ఉండదు. వెన్నుపూస చేతికి ఎంత తగులుతుందో చూసి లోపల మాంసం ఎన్ని కిలోలో చెప్పేస్తాడు. అల్ట్రాసోనిక్ టెస్టింగ్ చేసేవాడి పనీ అదే. చేతికి బదులు చెవికి వినపడని చప్పుడును వాడతాడు, అంతే. బాయిలర్ పైపును కొయ్యకుండా, రైలు పట్టాను విరవకుండా, నూనె ట్యాంకును ఖాళీ చెయ్యకుండా అవతలి ముఖం ఎట్లా ఉందో చెప్పడం ఈ ఉద్యోగం.

నిజామాబాద్, బోధన్ వైపు ఐటీఐ ఫిట్టర్లు, వెల్డర్లు, మెకానికల్ డిప్లొమా చేసిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: ఎన్డీటీ కోర్సు చేస్తే గల్ఫ్‌లో పని దొరుకుతదా? దొరుకుతుంది, కానీ కోర్సు చేసినందుకు కాదు. ఈ తేడా తెలియకనే చాలా ఇళ్లలో అప్పు తెచ్చి ఫీజు కడుతున్నారు. ఎన్డీటీ అంటే వస్తువును పాడుచెయ్యకుండా పరీక్షించడం. రంగు ద్రవం పూసి పగుళ్లు చూసే డీపీ టెస్టు, అయస్కాంతంతో చూసే ఎంపీ టెస్టు, ఎక్స్‌రే, గామా కిరణాలతో ఫిల్మ్ తీసే రేడియోగ్రఫీ, చప్పుడుతో చూసే అల్ట్రాసోనిక్ అందులోవే. చివరిదాన్ని సైట్లలో యూటీ అంటారు. మిగతావాటికంటే ఇది నేర్చుకోవడం కష్టం. నేర్చుకున్నాక మాత్రం ఎక్కువ కాలం అన్నం పెడుతుంది.

ముందు అది ఎట్లా పనిచేస్తుందో తెలియాలి. ప్రోబ్ లోపల చిన్న స్ఫటికం బిళ్ల ఉంటుంది. కరెంటు తగలగానే అది సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల సార్లు కంపిస్తుంది. మన చెవి పట్టగలిగేది 20 వేల వరకే. ఆ కంపనం ఉక్కులోకి దిగి, సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో పోయి, అవతలి ముఖానికి తగిలి ఎకోగా వెనక్కి వస్తుంది. పోయి వచ్చిన సమయాన్ని వేగంతో గుణించి సగం చేస్తే మందం వస్తుంది. 10 మిల్లీమీటర్ల ప్లేటులో పోను రాను పట్టే సమయం సెకనులో 10 లక్షల వంతుల్లో మూడున్నర కూడా ఉండదు. ప్రోబ్ పెట్టిన ఒక్క చోట ఒక్క అంకె వస్తుంది. దాన్ని అడుగు అడుగుకీ జరుపుతూ, ఎక్కడ ఉందో మిషన్‌కు తెలిపే ఎన్‌కోడర్ తగిలించి, ఆ ప్లేటంతా తిప్పితే వేల అంకెలు వస్తాయి. మందంగా ఉన్నచోటికి ఒక రంగు, అరిగినచోటికి ఇంకో రంగు ఇస్తే మనం ఎన్నడూ చూడలేని లోపలి ముఖం గుంతలతో సహా స్క్రీన్ మీద పరుచుకుంటుంది. దీన్నే కరోజన్ మ్యాపింగ్ అంటారు. గల్ఫ్ రిఫైనరీల్లో ఇప్పుడు గిరాకీ ఉన్న పని ఇది.

ప్రోబ్‌కూ ఇనుముకూ మధ్య వెంట్రుకంత గాలి ఉన్నా చప్పుడు లోపలికి దిగదు, దాదాపు అంతా వెనక్కి తిరుగుతుంది. అందుకే జెల్, గ్రీజు, నూనె, నీళ్లు, ఏదో ఒకటి పూస్తారు. అదే గాలి మనకు పనికొచ్చేది కూడా. లోపల పగులు ఉంటే ఆ సందులోని గాలి చప్పుడును తిప్పికొడుతుంది, అవతలి ముఖం కంటే ముందే స్క్రీన్ మీద ఒక గీత లేస్తుంది. చప్పుడు పంపి ఎకోను పట్టే ఈ సూత్రాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములను పట్టడానికి ఫ్రాన్సులో లాంజెవాన్ వాడాడు. 1920ల చివర్లో రష్యాలో సొకొలోవ్ దీన్ని లోహాలకు వాడవచ్చన్నాడు. 1940ల్లో అమెరికాలో ఫైర్‌స్టోన్ పనికొచ్చే మిషన్ చేశాడు. ఈ పేర్లు ఇంటర్వ్యూలో అడగరు, గాలి సంగతి మాత్రం తప్పకుండా అడుగుతారు.

మన దగ్గర ఈ పనికి చోటేదీ అనుకోవద్దు. 1937లో మొదలై, ఆసియాలోనే పెద్దదని పేరు పడ్డ బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ మీద ఆధారపడ్డ ఊళ్ల బాధ వేరే కథ. చక్కెర ఫ్యాక్టరీ అంటే ఏమిటో ఈ ప్రాంతానికి తెలుసు అన్నదే ఇక్కడ కావలసింది. చలికాలంలో చెరుకు ఆడుతుంది, మిగతా నెలలు ఓవర్‌హాలింగ్. యూటీ వాడికి పని ఉండేది ఆ ఓవర్‌హాలింగ్‌లోనే. మిల్లు రోలర్ షాఫ్టును దాని కొస ముఖం మీద ప్రోబ్ పెట్టి, మీటర్ల పొడవునా లోపల పగులు ఉందేమో చూడాలి. బేరింగ్ కూర్చునే చోట, రోలర్ షెల్ అంచు దగ్గర మరీ జాగ్రత్తగా చూడాలి. చెరుకు పిప్పి మండించే బాయిలర్లో బూడిదతో పాటు ఇసుక ఎగిరి ట్యూబులను గీకుతుంది, వాటి మందం కొలవాలి. ఎవాపరేటర్ బాడీలు, జ్యూస్ లైన్లు, వంపులు కూడా అరుగుతాయి. కామారెడ్డి వైపు అడ్లూరు ఎల్లారెడ్డి ఫ్యాక్టరీ లాంటివి ఉన్నాయి. ఉప్పుడు బియ్యం తీసే రైస్ మిల్లులకు బాయిలర్లున్నాయి. రామగుండంలో ఎన్టీపీసీ యూనిట్లు వరసగా ఓవర్‌హాల్‌కు వస్తుంటాయి. బాయిలర్‌కు ఇన్‌స్పెక్షన్ చట్టప్రకారం తప్పనిసరి, 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా ఆ నియమం పోలేదు. వయసు మళ్లిన బాయిలర్‌కు మిగిలిన ఆయుష్షు లెక్క కట్టాలంటే ముందు కావలసింది ట్యూబుల మందం రీడింగులు.

సైటులో పని ఎట్లా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలంటే ఒక్క పైపు వంపు చాలు. ఫీడ్ వాటర్ లైనులో ఎల్బో అనుకోండి. ముందు లాగింగ్ విప్పాలి. అంటే పైపు చుట్టూ కట్టిన వేడి ఆపే ఉన్నినీ రేకునూ తీయాలి. తుప్పు పొరను గీకి, ఎమెరీ కాగితంతో రూపాయి బిళ్లంత చోటు మెరిసేదాకా రుద్దాలి. జేబులో ఉన్న మెట్ల బ్లాకు తీసి, 2, 4, 6, 8 మిల్లీమీటర్ల మెట్ల మీద మీటరును సరిచూడాలి. ఆ బ్లాకు కూడా పైపు లోహంతో చేసిందే అయి ఉండాలి. స్టెయిన్‌లెస్‌లో వేగం వేరు, ఇత్తడిలో ఇంకా తక్కువ. ఉక్కు సెట్టింగుతో ఇత్తడి ట్యూబు కొలిస్తే 2 మిల్లీమీటర్లది రెండున్నర దాటి చూపిస్తుంది. తర్వాత జెల్ పెట్టి, ప్రోబును గట్టిగా కాకుండా నిలకడగా ఆనించి, వంపు బయటి వైపు, లోపలి వైపు, రెండు పక్కలా చూడాలి. జంట స్ఫటికాల ప్రోబ్ అయితే దాని మధ్య గీతను పైపుకు అడ్డంగా తిప్పాలి. నీళ్లు మలుపు తిరిగే చోట వంపు బయటి గోడ ఎక్కువ అరుగుతుంది, కాబట్టి అక్కడ దగ్గర దగ్గరగా చూడాలి.

అట్లాంటి చోట వినపడే మాటలు ఇట్లా ఉంటాయి:

"అన్నా, బయటి దిక్కు 4.2 ఉంది. పక్కకు జరిపితే 2.3. మళ్ల పెడితే 4.2."

"4.2 రాసుకోకు తమ్మీ. స్క్రీన్ చూడు, మొదటి ఎకో చిన్నగైంది, మీటరు రెండోదాన్ని పట్టింది. సన్న ప్రోబు తీసుకురా."

గోడ మరీ పలచనైనప్పుడు కొన్ని ప్రోబులు సరిగ్గా రెట్టింపు చూపిస్తాయి. 2.1 ఉన్న గోడ 4.2 అంటుంది. అంటే ఏ క్షణమైనా పగిలే పైపు మంచి పైపులా కనిపిస్తుంది. దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకొకటి. 12 మిల్లీమీటర్ల ప్లేటు ఒక చోట హఠాత్తుగా 6 చూపిస్తే అది అరిగినట్టు కాకపోవచ్చు. ప్లేటు తయారీలోనే మధ్యలో విడిపోయిన పొర, అంటే లామినేషన్ అయి ఉండవచ్చు. దాని చుట్టూ ప్రోబ్ జరిపి అంచులు చూస్తే తేలుతుంది: అరుగుదల మెల్లగా దిగుతుంది, లామినేషన్ కత్తిరించినట్టు మారుతుంది. పెయింటు మీద కొలిస్తే అర మిల్లీమీటరు పెయింటు ఉక్కు లెక్కలో మిల్లీమీటరుకు పైగా కలుస్తుంది, అప్పుడు ఎకో నుంచి ఎకోకు కొలిచే మోడ్ పెట్టాలి. వేడి పైపులో చప్పుడు నెమ్మదిస్తుంది. ప్రతి 55 డిగ్రీలకు సుమారు 1 శాతం మందం ఎక్కువ చూపిస్తుంది. మామూలు ప్రోబ్ ఆ వేడికి పాడవుతుంది కూడా. లోతైన, సన్నటి గుంతలు వేరే బాధ. వాటి అడుగు చప్పుడును చిందరవందరగా చల్లుతుంది, అంకె రానే రాదు. అంకె రాని చోటును ఖాళీగా వదిలేసేవాడు ఒకడు, పక్క అంకె రాసేవాడు ఇంకొకడు. అక్కడ ఆగి అది ఎందుకు రాలేదో చూసేవాడికే నేను పని ఇస్తాను.

ఇప్పటి మిషన్లు చాలా చేస్తాయి. మాడ్‌సోనిక్, ఒలింపస్, క్రౌట్‌క్రామర్, ఏదైనా నెల రోజుల్లో బటన్లు అలవాటవుతాయి. ఫేజ్డ్ అర్రే అయితే ఒకే ప్రోబులో డజన్ల స్ఫటికాలుండి, రంగుల బొమ్మే తీసిపెడుతుంది. అయితే పైన చెప్పిన పొరపాట్లలో ఒక్కదాన్ని కూడా మిషన్ తనంతట తాను దిద్దుకోదు. రంగుల బొమ్మ తప్పును ఇంకా నమ్మేటట్టు చూపిస్తుంది. అందుకే నా సలహా ఒకటే, మిగతాదంతా దాని చుట్టూ చెప్పేదే: సర్టిఫికెట్ల సంఖ్య వెంట పడవద్దు, ప్రోబ్ చేతిలో ఉన్న గంటల వెంట పడండి.

సర్టిఫికెట్ల సంగతి. మన దేశంలోనూ గల్ఫ్‌లోనూ ఎక్కువ వాడుకలో ఉన్నది అమెరికన్ సంస్థ ఏఎస్ఎన్టీ ఇచ్చిన ఎస్ఎన్టీ-టీసీ-1ఏ అనే పద్ధతి. ఇందులో లెవెల్ వన్, టూ, త్రీ ఉంటాయి. కొలిచేవాడు వన్, కొలిచి అర్థం చెప్పి రిపోర్టు మీద సంతకం పెట్టేవాడు టూ. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఈ పద్ధతిలో సర్టిఫికెట్ ఇచ్చేది శిక్షణ కేంద్రం కాదు, పని ఇచ్చిన కంపెనీ. కంపెనీ తన రాతపూర్వక విధానం ప్రకారం, తన లెవెల్ త్రీ చేత పరీక్ష పెట్టించి ఇస్తుంది. ఆ కంపెనీ వదిలితే ఆ సర్టిఫికెట్ కూడా చెల్లదు, కొత్త కంపెనీ మళ్లీ ఇవ్వాలి. అందుకే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే లెవెల్ టూ కాగితాన్ని శిక్షణకు, పరీక్షకు రుజువుగా చూడండి. అదే ఉద్యోగం అనుకోవద్దు.

లెక్క వేసి చూస్తే ఇంకా తేటపడుతుంది. ఆ పద్ధతిలో యూటీకి లెవెల్ వన్‌కు 40 గంటలు, టూకు మరో 40 గంటలు క్లాసు ఉండాలి. రేడియోగ్రఫీకీ అంతే. రెండింటికీ కలిపి 160 గంటలు, అంటే రోజుకు 8 గంటల చొప్పున 20 రోజులు. మరి 10 రోజుల్లో నాలుగు పద్ధతుల్లో లెవెల్ టూ ఇస్తామన్నవాళ్లు ఏ గంటలను ఎక్కడ దాచారో అడగండి. క్లాసు తర్వాత అనుభవం ఉంది: యూటీలో లెవెల్ వన్‌కు 210 గంటలు, ఆపైన టూకు 630 గంటలు. పరీక్ష మూడు భాగాలు: జనరల్, స్పెసిఫిక్, ప్రాక్టికల్. ఒక్కోదాంట్లో 70 తగ్గకుండా, మొత్తం మీద సగటు 80 రావాలి. కంటిచూపు పరీక్ష కూడా ఉంటుంది: దగ్గరి అక్షరాలు చదవడం ఏటా చూస్తారు, రంగుల తేడా పట్టడం కూడా చూస్తారు. ఫీజు కట్టేముందే కంటి డాక్టరు దగ్గరికి పోయి ఈ రెండూ చూపించుకోండి. కోర్సంతా చేసి ఇక్కడ ఆగిపోయినవాళ్లున్నారు.

కంపెనీ మారినా చెల్లే సర్టిఫికెట్ కావాలంటే ఐఎస్ఓ 9712 పద్ధతిది చూడాలి. ఆ తీరులోనే మన దేశంలో ఇండియన్ సొసైటీ ఫర్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్, ఐఎస్ఎన్టీ, భారత ప్రమాణం ఐఎస్ 13805 ప్రకారం జాతీయ పరీక్షలు పెడుతుంది. దాని కేంద్రం చెన్నైలో ఉంది, హైదరాబాద్‌లో చాప్టర్ ఉంది. తిరుచ్చిలో బీహెచ్ఈఎల్ వాళ్ల వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా కోర్సులు నడుపుతుంది. ఇవి కష్టం, ఆలస్యం, ఇంట్లోవాళ్లకు ఓపిక కావాలి. అయినా చెయ్యగలిగినవాళ్లు అటే పొమ్మంటాను.

ఎవరెవరు ఎట్లా మొదలుపెట్టాలి? ఐటీఐ అయిన పిల్లవాడు ముందు డీపీ, ఎంపీ టెస్టులు నేర్చుకుని, హైదరాబాద్‌లోని ఏదైనా ఇన్‌స్పెక్షన్ కంపెనీలో హెల్పర్‌గా చేరాలి. జీతం తక్కువే ఇస్తారు, లాగింగ్ విప్పడం, రుద్దడం, బ్లాకులు మొయ్యడం చేయిస్తారు. అట్లా మోస్తున్నప్పుడే మందం కొలవడం చేతికొస్తుంది. ఆ తర్వాతే వెల్డింగును వంపు ప్రోబులతో, 45, 60, 70 డిగ్రీలతో చూడటం నేర్చుకోవాలి. వెల్డర్‌గా పదేళ్లు చేసినవాడికి ఇక్కడ పెద్ద లాభం ఉంది. రూటులో వెల్డ్ ఎక్కడ అంటుకోకుండా పోతుందో, స్లాగ్ ఎక్కడ చిక్కుతుందో అతనికి ముందే తెలుసు, స్క్రీన్ మీద లేచిన గీతకు పేరు పెట్టడం అతనికి సులువు. ఇంగ్లీషు అడ్డం అనుకుంటారు. రిపోర్టుకు కావలసిన ఇంగ్లీషు రెండు వందల మాటలు దాటదు, అవి మళ్లీ మళ్లీ వచ్చేవే. డిప్లొమా చేసిన ఆడపిల్లలు సైటు వద్దనుకుంటే హైదరాబాద్ చుట్టుపక్కల తయారీ షాపుల్లో పని చూడవచ్చు. అక్కడి న్యూక్లియర్ ఫ్యుయల్ కాంప్లెక్స్ లాంటి చోట ఇంధనం పెట్టే గొట్టాలను నీళ్లలో ముంచి చప్పుడుతోనే పరీక్షిస్తారు.

ఓపిక లేనివాళ్లకు, రాయడం అంటే విసుగు ఉన్నవాళ్లకు ఈ పని వద్దు. రోజులో కొలిచేది సగం, రాసేది సగం. రేడియోగ్రఫీలో ఉన్న కిరణాల భయం ఇందులో లేదు, అది నిజం. పక్కన మిగతావాళ్లు పని ఆపాల్సిన అవసరం కూడా లేదు కాబట్టే షట్‌డౌన్‌లో యూటీ అంటే మేనేజర్లకు ఇష్టం. ప్రమాదం మాత్రం ఉంది, అది మిషన్‌లో ఉండదు, చోటులో ఉంటుంది. బాయిలర్ డ్రమ్ములో, ట్యాంకులో, చక్కెర వండే పాన్ లోపల గాలి పరీక్ష చెయ్యకుండా, పర్మిట్ లేకుండా, బయట మనిషి నిలబడకుండా దిగవద్దు. ఐదు నిమిషాల పనే అన్నా సరే.

మన ఊరి మీదుగా పోయే పట్టా మీద కూడా ఈ పని జరుగుతుంది. నిజామాబాద్ నుంచి నవీపేట్ మీదుగా బాసర పోయే లైను పక్కన ఎప్పుడైనా నీళ్ల డబ్బా కట్టిన చిన్న ట్రాలీని మెల్లగా తోసుకుంటూ ఇద్దరు ముగ్గురు నడుస్తుంటే, అది పట్టాల యూటీ. రైల్వేలో యూఎస్ఎఫ్‌డీ అంటారు. ఆ నీళ్లే వాళ్ల జెల్. నిలువు ప్రోబ్ ఒకటి ఉంటుంది, ముందుకూ వెనక్కూ ఉన్న 70 డిగ్రీల వంపు ప్రోబులు పట్టా తల లోపలి అడ్డ పగుళ్లను వెతుకుతాయి. దొరికిన లోపాన్ని రెండు రకాలుగా రాస్తారు: వెంటనే తీసెయ్యాల్సింది ఐఎంఆర్, కనిపెట్టి ఉండాల్సింది ఓబీఎస్. నియమాలు, శిక్షణ లక్నోలోని ఆర్డీఎస్ఓ చూస్తుంది. సొంత సిబ్బందే కాక కాంట్రాక్టు మీద కూడా ఈ పని చేయిస్తున్నారు. ముద్‌ఖేడ్, మేడ్చల్ మధ్య రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. కొత్త పట్టా వేస్తే ప్రతి వెల్డూ పరీక్షకు రావాలి. ఎండలో రోజుకు కిలోమీటర్లు నడిచే పని, తేలిక కాదు. ఇల్లు విడవలేనివాళ్లకు మాత్రం గల్ఫ్ కంటే ఇది నయం.

గల్ఫ్‌కే పోతామంటే రెండు మూడు మాటలు. అక్కడి పెద్ద చమురు కంపెనీలు కాగితం చూసి ఊరుకోవు, టెస్టు పీసు ముందు పెట్టి, ఇందులో లోపం ఎక్కడుందో, ఎంత పొడవుందో చూపించమంటాయి. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడేనా అని కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోండి. సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 దాటి తీసుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో ఉంది, అక్కడ కూడా అడగండి. పదో తరగతి పాసై పాస్‌పోర్టు మీద క్లియరెన్సు అవసరం లేనివాళ్లు ఈ జాగ్రత్తలు మనకు వర్తించవనుకుంటారు, మోసపోయేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆఫర్ లెటరులో ఉద్యోగం పేరు ఎన్డీటీ టెక్నీషియన్ అని ఉందా, వీసాలో హెల్పర్ అని ఉందా చూడండి. రెండూ కలవకపోతే విమానం ఎక్కవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చి పోవద్దు.

రిపోర్టు దగ్గర ఒత్తిడి వస్తుంది. షట్‌డౌన్ ముగిసే రోజు రాత్రి, ఒక్క పాయింటు దగ్గర కనీస మందం కంటే తక్కువ వచ్చిందంటే కాంట్రాక్టరు ముఖం మారుతుంది, కొంచెం జరిపి కొలవమంటాడు. జరిపి కొలవండి, అదీ రాయండి, కానీ మొదటిది కొట్టెయ్యవద్దు. స్క్రీన్ ఫొటో మిషన్‌లో సేవ్ చేసి, పాయింటు నంబరు, ప్రోబ్ నంబరు, క్యాలిబ్రేషన్ చేసిన సమయం పక్కన రాసుకోండి. పైపు మార్చాలా వద్దా అన్నది ఇంజనీరు నిర్ణయం, మీది కాదు. మీరు కొలవని పాయింటుకు మాత్రం సంతకం పెట్టకండి, సీనియర్ అడిగినా సరే.

మొదటి రోజు నుంచి లాగ్‌బుక్ పెట్టండి. తేదీ, సైటు, ఏ వస్తువు, ఏ పద్ధతి, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణ. వారం వారం లెవెల్ టూ లేదా త్రీ సంతకం, కంపెనీ ముద్ర వేయించుకోండి. నెలాఖరుకు ఆపితే సైటు ఖాళీ అయిపోతుంది, సంతకం పెట్టాల్సినాయన ఇంకో రాష్ట్రంలో షట్‌డౌన్ మీద ఉంటాడు, ఫోను ఎత్తడు. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపి ఉంచండి.